ముందు గాలికి దారి, తర్వాతే ఫోమ్

అమెరికాలో ఏ ఊరి రోడ్డు మీదైనా కాసేపు నిలబడితే కార్గో ట్రెయిలర్ ఒకటి కంటపడకుండా ఉండదు. గడ్డి కోసే యంత్రాలు, రంగు డబ్బాలు, మోటారు సైకిళ్లు, పెళ్లి కుర్చీలు వేసుకుని పికప్ ట్రక్కు వెనకాల నడిచే నలుపలకల రేకు డబ్బా అది. ఉక్కు చట్రం, దానికి మిల్లీమీటరు మందమైనా లేని అల్యూమినియం రేకు, లోపలి వైపు పలచని ప్లైవుడ్, నేలకు ముప్పావు అంగుళం ప్లైవుడ్, వెనక రెండు తలుపులు. అంతే. కిటికీ ఉండదు. సామాన్లకు కిటికీ ఎందుకు?

ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న కొత్త ట్రెయిలర్ నాలుగైదు వేల డాలర్లకు వస్తుంది. దాన్ని కొని, గోడలకు చలిని ఆపే ఫోమ్ పలకలు బిగించి, మంచం వేసి, ఓ మూల చిన్న స్టవ్వు పెట్టుకుని క్యాంపర్‌గా మార్చుకునేవాళ్లు అక్కడ తక్కువేమీ కాదు. ఫ్యాక్టరీలో తయారైన క్యాంపర్ కావాలంటే డబ్బు చాలా ఎక్కువ పెట్టాలి. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే ఆ దేశపు క్యాంపర్లలో ఎక్కువ భాగం తయారవుతాయి. కోవిడ్ రోజుల్లో జనం విమానాలూ హోటళ్లూ మానేసి వీటి వెంట పడటంతో 2021లో ఆ పరిశ్రమ 6,00,240 బళ్లు బయటికి పంపి రికార్డు సృష్టించింది. మోజు తగ్గాక 2023లో ఆ సంఖ్య 3,13,174కు జారిపోయింది. అయినా చిన్నపాటి కొత్త బండికే ఇరవై, పాతిక వేల డాలర్లు పెట్టాల్సి రావడం మామూలు. పైగా వాటి గోడలు సన్నటి చెక్క రీపుల మీద నిలబడతాయి. కార్గో ట్రెయిలర్‌ది ఉక్కు చట్రం. చేతిలో రంపం, డ్రిల్లు పట్టుకోగలిగినవాడికి బేరం ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

వీళ్లందరూ సరదారాయుళ్లే అనుకోవడానికీ లేదు. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన 'నోమాడ్‌ల్యాండ్' పుస్తకం, దాని ఆధారంగా వచ్చి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సినిమా, ఇంటి అద్దె కట్టలేక చక్రాల మీదికి మారిన పెద్దవయసు వాళ్లను చూపించాయి. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ చుట్టూ ఉన్న ప్రభుత్వ భూముల్లో ఏటా శీతాకాలంలో వేలాది బళ్లు దిగుతాయి. సెప్టెంబరు నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా సీజన్ మొత్తానికి అక్కడి రుసుము ఏళ్ల తరబడి 180 డాలర్లే. అలాంటి చోట రేకు డబ్బా ఒకరికి వారాంతపు వినోదం, పక్కనే ఇంకొకరికి ఉన్న ఒకే ఒక్క ఇల్లు.

ఇద్దరూ అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: ఫోమ్ ఎన్ని అంగుళాలు వేయాలి?

ఆ ప్రశ్న తప్పు కాదు, దాని వరస తప్పు. ఈ చిన్న డబ్బాలో మనిషి సుఖంగా, క్షేమంగా నిద్రపోవడం గోడ మందం మీద కన్నా గాలి ఎక్కడ లోపలికి వస్తుంది, ఎక్కడ బయటికి పోతుంది అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. డబ్బులు తక్కువగా ఉన్నప్పుడు ముందు పైకప్పు ఫ్యానుకు ఖర్చుపెట్టి, ఆ తర్వాత మిగిలినదానితో ఫోమ్ కొనాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు. వాళ్లను తప్పుపట్టడమూ కష్టమే. ఫోమ్ కంటికి కనిపిస్తుంది, కొలతకు అందుతుంది, ఎంత పెడితే అంత పని జరిగినట్టు ఉంటుంది. గాలి అలా కాదు.

గడ్డకట్టే చలిలో ఇద్దరు నిద్రపోయిన ట్రెయిలర్‌ను తెల్లవారుజామున టార్చిలైటు వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. పైకప్పు ప్లైవుడ్ పొడిగానే ఉంటుంది. ఆ ప్లైవుడ్‌ను ఉక్కు పట్టీలకు బిగించిన స్క్రూలు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో నీటిబొట్టు మోస్తూ వరసగా మెరుస్తుంటాయి. చలి మరీ ముదిరితే బొట్టు బదులు తెల్లటి మంచు పొక్కు. ఆ వరసలను బట్టి, గోడ విప్పకుండానే ఉక్కు పట్టీలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెట్టొచ్చు. మంచం మీది పరుపు ఎత్తితే కింద చెక్క చెమ్మగా తగులుతుంది. మూలల్లో, అల్మరా వెనక, గాలి ఆడని చోటల్లా ఇదే తంతు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టే చెమటే ఇది. 18 డిగ్రీల గాలిలో తేమ 60 శాతం ఉంటే, 10 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదైనా నీరు పట్టి తీరుతుంది. బయట మైనస్ 7 ఉన్నప్పుడు ఉక్కు పట్టీకి బిగించిన స్క్రూ తల పదికి దిగడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ నీళ్లు ఎక్కడివి? వాన కారలేదు, ట్యాంకు పగల్లేదు. నిద్రపోతున్న మనుషుల ఊపిరి, చర్మం నుంచి వచ్చినవే. ఒక మనిషి నిద్రలో గంటకు ముప్ఫై, నలభై గ్రాముల ఆవిరి వదులుతాడు. ఇద్దరికి ఎనిమిది గంటలకు లెక్క కడితే అర లీటరు దాటుతుంది. ఆ ట్రెయిలర్‌లో పట్టే గాలి సుమారు 12 ఘనపు మీటర్లు. 18 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి పదిహేను గ్రాములకు కాస్త ఎక్కువ ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు. అంటే మొత్తం గాలికి రెండు వందల గ్రాములు కూడా పట్టవు. వచ్చేది అర లీటరు పైన, పట్టేది పావు లీటరు లోపు. మిగిలినది గోడ మీద దిగక ఇంకెక్కడికి పోతుంది? ఫోమ్‌ను రెండంగుళాలు చేసినా, నాలుగంగుళాలు చేసినా ఈ లెక్కలో ఒక్క గ్రాము కూడా తగ్గదు. నీరు పట్టే చోటు మారుతుందంతే.

ఇదే లెక్కను రెండో వైపు నుంచి చూస్తే మంచి వార్త ఉంది. మైనస్ 7 డిగ్రీల గాలిలో ఘనపు మీటరుకు మూడు గ్రాములకు మించి ఆవిరి ఉండదు. ఆ చలిగాలి లోపలికొచ్చి వేడెక్కితే చాలా పొడి గాలి అవుతుంది, తేమను పీల్చుకుని బయటికి మోసుకుపోతుంది. డబ్బాలోని గాలి మొత్తం గంటకోసారి మారితే ఇద్దరి ఊపిరి తేమకూ సరిపోతుంది. అందుకు పోయే వేడి వంద వాట్ల చిల్లర. రెండుసార్లు మారినా రెండు వందలే. ఇన్సులేషన్ లేని ట్రెయిలర్ అదే చలిలో గోడల ద్వారా పోగొట్టుకునేది ఉజ్జాయింపుగా 3,400 వాట్లు. అంగుళం ఫోమ్ వేస్తే అది 900, 1,000 వాట్లకు పడిపోతుంది. రెండో అంగుళం వేస్తే 500, 600కు దిగుతుంది.

ఇక్కడ ఆగి చూడాలి. మొదటి అంగుళం రెండున్నర వేల వాట్లు మిగిల్చింది. రెండోది మిగిల్చింది నాలుగు వందలు, అటూ ఇటుగా. రాత్రంతా కలిపి అది డీజిల్ హీటర్‌లో అర లీటరు డీజిల్ కూడా కాదు. మరి ఆ రెండో అంగుళానికి ఏం చెల్లిస్తున్నారు? బయట ఆరడుగులున్న ఈ ట్రెయిలర్ లోపలి వెడల్పు 68, 69 అంగుళాలే ఉంటుంది. అడ్డంగా మంచం వేసుకుంటే ఐదడుగుల ఏడంగుళాల మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. రెండు గోడలకూ ఇంకో అంగుళం చొప్పున దట్టిస్తే అతను మోకాళ్లు ముడుచుకోవాలి, లేదా మంచం నిలువుగా వేసుకుని సగం ఇల్లు పోగొట్టుకోవాలి. అందుకే అంగుళం, మహా అయితే అంగుళంన్నర దగ్గర ఆగమనడం.

గాలి అనేది తేమ ఒక్కదానికే కాదు. నిద్రలో ఇద్దరూ కలిసి గంటకు ఇరవై లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. సందు లేకుండా మూసిన 12 ఘనపు మీటర్ల డబ్బాలో రెండు మూడు గంటలకే అది 5,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 5,000) చేరుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా ఎనిమిది గంటల పనిదినానికి పెట్టిన సగటు పరిమితి అదే. నిజానికి ఏ ట్రెయిలరూ అంత బిగుతుగా ఉండదు. తలుపు సందులు, నేల కన్నాలు కాపాడుతుంటాయి. ఫోమ్ డబ్బా పట్టుకుని ఆ సందులన్నీ వెతికి వెతికి మూసే ఓపికమంతులే ఎక్కువ ఇబ్బంది పడతారు.

దీనికి తోడు ప్రొపేన్ హీటర్. సిలిండర్‌కు బిగించి గది మధ్యలో పెట్టుకునే రకం, పొగగొట్టం లేనిది, చవగ్గా వస్తుంది, వెంటనే వేడెక్కిస్తుంది. బడి రసాయనశాస్త్రం గుర్తున్నవాళ్లు లెక్క కట్టి చూడొచ్చు: కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది. గంటకు 4,000 బీటీయూల చిన్న మంట మీద రాత్రంతా ఉంచినా లీటరు నీటిని ఆవిరిగా గదిలోకి వదులుతుంది. ఇద్దరు మనుషులు వదిలేదానికి ఇది రెట్టింపు. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా తోడవుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలో ఉన్నవాడిని లేపదు. మంట గాలిని బయటి నుంచే తీసుకుని పొగను బయటికే వదిలే డీజిల్ హీటరో, గోడకు బిగించే ప్రొపేన్ ఫర్నేసో ఖరీదెక్కువే. వాటితో పాటు మోనాక్సైడ్ అలారం కూడా ఉండాలి. ఇక్కడ మాత్రం పొదుపు పనికిరాదు.

అసలు తమాషా ఒకటుంది. చాలా కార్గో ట్రెయిలర్లకు పక్క గోడల్లో చిన్న ప్లాస్టిక్ గాలికన్నాలు ఫ్యాక్టరీలోనే పెడతారు, ఒకటి పైన, ఒకటి కింద. లోపల పెట్రోలు వాసన పేరుకోకుండా, సామాను చెమ్మెక్కకుండా. క్యాంపర్‌గా మార్చేవాళ్లు మొదటి రోజే చేసే పని, వాటిని ఫోమ్ ముక్కతో మూసి టేపు వేయడం. సామాన్లకు అందిన గాలి మనుషులకు దక్కకుండా పోతుంది.

ఇక పైకప్పు ఫ్యాను. దానికి కావలసింది 14 అంగుళాల చదరపు కన్నం. కొత్త ట్రెయిలర్ నెత్తిన రంపం పెట్టాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది, ఆ వణుకు వల్లే ఎంతోమంది ఈ పని వాయిదా వేస్తారు. కొనేటప్పుడే పైకప్పు పట్టీలు 16 అంగుళాల దూరంలో ఉన్న బండిని ఎంచుకుంటే కన్నం సరిగ్గా రెండు పట్టీల మధ్య కూర్చుంటుంది. 24 అంగుళాల దూరమైతే అంచులకు చెక్క చట్రం కట్టుకోవాలి. అంచు కింద బ్యూటైల్ టేపు, పైన స్క్రూల మీదుగా తనంతట తానే పరుచుకునే సీలెంటు సరిగ్గా వేస్తే ఏళ్ల తరబడి చుక్క కారదు. అంత సాహసం వద్దనుకుంటే ఫ్యాక్టరీలోనే కన్నం కోయించి మూత పెట్టించుకోవచ్చు. ఫ్యాను తక్కువ వేగంలో 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక ఆంపియరు లోపే లాగుతుంది. గాలి వచ్చే దారి మాత్రం ఫ్యానుకు దూరంగా, రెండో చివర, కింది వైపు ఉండాలి. ఫ్యాను పక్కనే కిటికీ తెరిస్తే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, మంచం దగ్గర చెమ్మ అలాగే ఉంటుంది.

ఇంత చెప్పాక ఫోమ్ వద్దంటున్నారా అని అడగొచ్చు. వద్దనడం లేదు, బాగా వేయమంటున్నాం. అంగుళానికి పాలీఐసో బోర్డు ఆర్-6 దాకా ఇస్తుంది, గులాబీ, నీలం రంగుల్లో దొరికే ఎక్స్‌పీఎస్ ఆర్-5, మనకు బాగా తెలిసిన థర్మకోల్, అంటే ఈపీఎస్, ఆర్-4 దగ్గర ఉంటుంది. ఆర్ ఎంత పెరిగితే వేడి అంత నెమ్మదిగా దాటుతుంది. మూడూ పనికొస్తాయి. మూడింటికీ ఉమ్మడి శత్రువు ఉక్కు పట్టీ. ఉక్కు పాలీఐసో కంటే దాదాపు రెండు వేల రెట్లు వేగంగా వేడిని మోస్తుంది. పట్టీల మధ్య ఎంత మంచి ఫోమ్ పెట్టినా పట్టీ మీదుగా వేడి జారిపోతూనే ఉంటుంది. అందుకే పట్టీల మధ్య అంగుళం వేసి, పట్టీల ముఖం మీద ఓ అరంగుళం ఫోమ్ పట్టీ అంటించి, ఆ పైన ప్లైవుడ్ బిగించినవాడి ఇల్లు, మధ్యలో రెండంగుళాలు కూరి ఉక్కును వదిలేసినవాడి ఇంటికన్నా వెచ్చగా ఉంటుంది. ఫోమ్ ముక్కను ఖాళీకి సరిగ్గా కాకుండా చుట్టూ కాస్త తక్కువగా కోసి, ఆ సందును డబ్బా ఫోమ్‌తో నింపి, కీళ్ల మీద అల్యూమినియం టేపు వేయడమే పనితనం. ఆ టేపు దగ్గర బద్ధకిస్తే లోపలి ఆవిరి ఫోమ్ వెనక్కి చేరి చల్లటి రేకు మీద నీరై, కిందికి జారి, నేల ప్లైవుడ్ అంచును తింటుంది. బయటికి ఏమీ తెలియదు. తెలిసేసరికి నేల మెత్తబడి ఉంటుంది.

మార్కెట్లో దొరికే వెండిరంగు బుడగల చాప గురించి ఒక మాట. మెరిసేదంతా వేడిని ఆపుతుందని నమ్మి దాన్ని రేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య ఇరికించేస్తారు. మెరిసే ముఖానికి ఎదురుగా గాలి ఖాళీ ఉంటేనే అది వేడిని తిప్పికొడుతుంది. రెండు వైపులా ఆనించి నొక్కేస్తే మిగిలేది ఆర్-1 దగ్గరి పలచని ప్లాస్టిక్కే. ఇళ్ల ఇన్సులేషన్ అమ్మేవాళ్లు ఆర్ విలువను పరీక్షించి చెప్పాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లోనే నిబంధన తెచ్చింది. కొనేవాడు ఆ అంకెను అడిగి తీరాలి. గోడంతా స్ప్రే ఫోమ్ కొట్టించడం చూడ్డానికి దివ్యంగా ఉంటుంది గానీ, రేపు ఒక వైరు మార్చాలన్నా, సొట్టపడిన రేకు తీయాలన్నా గొడ్డలితో నరకాల్సిందే. గ్లాస్ ఉల్ తడిస్తే ఆరదు, కుదుపులకు కిందికి జారుతుంది. ఏ ఫోమ్ అయినా మండుతుంది, విషపు పొగ వదులుతుంది. దాన్ని ప్లైవుడ్ కప్పకుండా వదిలేసి పక్కన స్టవ్వు వెలిగించడం తెలివితక్కువతనం.

మూసేసిన డబ్బా ఏం చేయగలదో పెద్ద ఎత్తున చూపించింది మాత్రం కత్రినా తుపాను. 2005లో ఇళ్లు పోయిన లక్షల మందికి అమెరికా ప్రభుత్వ విపత్తు సంస్థ ఫీమా ట్రెయిలర్లు ఇచ్చింది. ఫ్యాక్టరీ సరుకే, సందులు తక్కువ, ప్లైవుడ్, పార్టికల్ బోర్డు ఎక్కువ. కొద్దికాలానికే కళ్ల మంటలు, దగ్గు, ఊపిరాడకపోవడం. చెక్క జిగుర్లలోని ఫార్మల్డిహైడ్ లోపలి గాలిలో పేరుకుపోతోందన్న అనుమానం బలపడింది. 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లూసియానా, మిసిసిపీల్లో 519 ట్రెయిలర్లు, మొబైల్ ఇళ్లలో కొలిచింది. సగటు 77 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 77) వచ్చింది, బయటి గాలిలో సాధారణంగా ఉండేదానికి చాలా రెట్లు. అది చలికాలపు కొలత. ఎండలు ముదిరితే ఇంకా పెరుగుతుంది కాబట్టి వేసవి లోపే జనాన్ని వేరే చోటికి మార్చాలని ఆ సంస్థ చెప్పింది. 2010లో చెక్క ఉత్పత్తుల ఫార్మల్డిహైడ్ పరిమితులపై ప్రత్యేక చట్టమే వచ్చింది. సొంతంగా ట్రెయిలర్ మార్చుకునేవాళ్లు చవక పార్టికల్ బోర్డుతో అల్మరాలు కొట్టించే ముందు ఈ కథ చదవడం మంచిది.

పాతవాళ్లకు ఈ గాలి సంగతి తెలుసు. ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలర్ల కంపెనీ పెట్టిన వాలీ బయమ్ 1936లో తెచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిపర్ ధర ఆ రోజుల్లో 1,200 డాలర్లు, ఆర్థిక మాంద్యం కాలంలో అది పెద్ద సొమ్ము. నలుగురు పడుకునే ఆ అల్యూమినియం బండికి ఇన్సులేషన్‌తో పాటు గాలి మార్పిడి ఏర్పాటూ ఉండేది, రెండూ విడదీయరాని జంటగా. ఆ దశాబ్దంలోనే పుట్టిన కన్నీటిబొట్టు ఆకారపు చిన్న ట్రెయిలర్లలో వంటిల్లు లోపల ఉండదు. బండి వెనక మూత ఎత్తితే బయట నిలబడి వండుకునేలా స్టవ్వు, గిన్నెల అర కనిపిస్తాయి. చోటు లేక అలా చేశారన్నది నిజమే. దానివల్ల ఆవిరి, వాసన, మంట పడకగదిలోకి రాకపోవడం మాత్రం ఏ ఫోమూ ఇవ్వలేని లాభం.

ఇది మన తెలుగువాళ్లకు మరీ ముఖ్యం. డాలస్ నుంచో బే ఏరియా నుంచో బయలుదేరి నేషనల్ పార్కులు తిరిగే కుటుంబం రొట్టెముక్క, చల్లటి మాంసంతో మూడు రోజులు గడుపుతుందనుకోవడం పగటికల. బియ్యం ఉంటుంది, కుక్కర్ ఉంటుంది, పప్పులో పోపు పడకపోతే పిల్లలు ముద్ద ముట్టరు. కుక్కర్ నాలుగు కూతలు కూసి, చారు పది నిమిషాలు మరిగితే పావు లీటరు నీరు గాలిలో కలుస్తుంది. ఎండుమిరపకాయల ఘాటు పరుపులో వారం రోజులు కాపురం ఉంటుంది. వెనక తలుపుల దగ్గర మడతపెట్టే బల్ల ఒకటి బయటికి తెరుచుకునేలా బిగించుకుంటే ఈ గొడవంతా ఆరుబయటే తీరిపోతుంది. లోపల వంటిల్లు కట్టించడానికి పెట్టే డబ్బు మిగిలినట్టే.

ఈ వాదనకు ఎదురు వాదనలు లేకపోలేదు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో మైనస్ 40లో చలికాలం గడిపేవాడికి అంగుళం ఫోమ్ చాలదు, అతను మోకాళ్లు ముడుచుకున్నా సరే రెండు మూడంగుళాలు దట్టించాలి. హ్యూస్టన్ వేసవిలో సమస్య ఇంకో రకం. బయటి గాలే తడిగా ఉంటుంది, ఎంత మార్చినా లోపల ఆరదు. కరెంటు ఉన్న స్థలం చూసుకుని చిన్న ఏసీ నడుపుకోవడం తప్ప దారి లేదు. అప్పుడు కూడా ఊపిరికి కావలసిన గాలి రావాల్సిందే. ఎడారి ఎండలో ఫోమ్ కన్నా ముందు రంగు పనిచేస్తుంది. నల్ల ట్రెయిలర్ రోడ్డు మీద అందంగా ఉంటుందని కొనేవాళ్లు మిట్టమధ్యాహ్నం దాని గోడ మీద చెయ్యి వేసి చూడాలి. కొత్త తెల్లరంగు పైకప్పు ఎండలో ముప్పాతిక వంతుకు పైగా తిప్పి పంపేస్తుంది, నల్లది దాదాపు అంతా మింగుతుంది.

బరువు సంగతి చాలామంది చివర్లో గుర్తు తెచ్చుకుంటారు. ఒకే ఇరుసున్న ఇలాంటి బండి మొత్తం బరువు పరిమితి చాలావరకు 2,990 పౌండ్లు. చాలా రాష్ట్రాల్లో 3,000 దాటితే బ్రేకులు తప్పనిసరి కాబట్టి ఆ అంకె అలా పడింది. ఖాళీ బండి, బ్యాటరీలు, మంచం, నీళ్లు, మనుషుల సామాను కలిపి తూకం వేయించుకోకుండా కొండ దిగడం ప్రమాదం. తలుపుల సంగతి ఇంకా ముఖ్యం. కార్గో ట్రెయిలర్ వెనక తలుపుల గడియ బయటే ఉంటుంది. లోపల మనిషి ఉంటాడని దాన్ని తయారుచేసినవాడు అనుకోలేదు. క్యాంపర్లకు వర్తించే అగ్ని భద్రతా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 1192 తప్పించుకోవడానికి రెండో దారి ఉండాలంటుంది. ఇంట్లో తయారుచేసుకున్నదాన్ని ఎవరూ వచ్చి తనిఖీ చేయరు. అందుకే లోపలి నుంచి తెరుచుకునే గడియ, మనిషి దూరగలిగే కిటికీ ఒకటి తనంతట తానే పెట్టుకోవాలి. గాలికీ అదే కిటికీ పనికొస్తుంది.

మన దగ్గర ఎవరైనా మినీ లారీ డబ్బా కొని ఇలా మార్చుకుందామంటే చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మోటారు కారవాన్‌లకు ఏఐఎస్-124 పేరుతో వేరే ప్రమాణం ఉంది, ఆ దారిలో వెళ్లాలి. కానీ కిటికీ లేని రేకు డబ్బాలో మనుషులు పడుకోవడం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో కొత్త టవర్ లేచే ప్రతి చోటా పక్కనే కూలీల రేకుల షెడ్లు, పోర్టా క్యాబిన్లు వరసగా కనిపిస్తాయి. మే నెలలో వేడి భరించలేక కొన్నిచోట్ల రేకు కింద థర్మకోల్ షీట్లు కట్టుకుంటారు. గాలి పోయే దారి ఉండదు, వంట లోపలే, తల మీద మండే సరుకు. అమెరికా ట్రెయిలర్లో జరిగే తప్పులన్నీ ఇక్కడ ఒకే కప్పు కింద కనిపిస్తాయి, తేడా ఒక్కటే, ఇక్కడ ఉండేవాడు ఆ ఇంటిని ఎంచుకోలేదు.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న చట్టం, యజమాని ఉచితంగా వసతి ఇవ్వాలనీ అందులో వంటకు వేరే చోటు ఉండాలనీ 34వ సెక్షన్‌లో చెప్పింది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని నివాసాలకు చల్లని పైకప్పు తప్పనిసరి చేసి, చిన్న ఇళ్లకు ఇష్టానికి వదిలేసింది. రేకుల షెడ్డు చాలావరకు ఆ చిన్న వరసలోనే పడుతుంది. పది కుటుంబాలు ఉండే రేకుల వరసకు తెల్లటి పూత, గోడ అడుగున ఒక జాలీ, కప్పు మీద గాలికి తిరిగే ఎగ్జాస్ట్ ఒకటి, షెడ్డు బయట వంట చప్టా. టవర్ ఖర్చులో ఇది కనిపించని మొత్తం. పునాది తవ్వే అనుమతి ఇచ్చే కాగితంలోనే మున్సిపాలిటీ ఈ నాలుగూ రాసి, పని మొదలయ్యే ముందు ఒక ఇంజినీరును పంపి చూసి రమ్మంటే సరిపోతుంది.